ఎదురు తిరిగిన సాక్షులు

"ఈ ఏడూ నువ్వే ముద్దాయివి," అన్నాడు లా సారు మా క్లాసు పిల్లతో, కాగితాల మీంచి తలైనా ఎత్తకుండా.

డిగ్రీ చదువుతూ లా కాలేజీకి వెళ్లాలనుకునేవాళ్లను తయారు చేసే పని మా కాలేజీలో ఆయనది. ఏటా ఉత్తుత్తి కోర్టు ఒకటి పెట్టిస్తాడు. అందులో వకీళ్లుగా వాదించినవాళ్లకే సిఫారసు ఉత్తరం ఇస్తాడు. అది లేనిదే పెద్ద లా కాలేజీల గడప తొక్కనివ్వరు. మరి నల్లకోటు ఎవరికి? ప్లీడర్ల పిల్లలకు, కాంట్రాక్టర్ల పిల్లలకు. సాక్షి, జవాను, ముద్దాయి వేషాలు మాకు. ఆటో డ్రైవరు కొడుకుని కాబట్టి నాకెప్పుడూ సాక్ష్యం చెప్పే వాచ్‌మన్ వేషమే. మా నోళ్లు వాదనకు పనికిరావట. పనికిరావని ఎవరు తేల్చారు? మాట్లాడనిస్తే కదా తెలిసేది!

ఆ పిల్లకైతే చేరినప్పటినుంచీ బోనే. మేం కూడా సిగ్గులేకుండా ఆమెను 'ముద్దాయి' అనే పిలిచేవాళ్లం. తల్లి మా హాస్టల్లో ఊడుస్తుంది. మొన్నమొన్నటిదాకా పిన్ని కూడా అక్కడే ఊడ్చేది. ఎవరిదో ఉంగరం పోయిందన్నారు. అడిగింది లేదు, విన్నది లేదు, హాస్టల్ పనులు చేయించే కాంట్రాక్టరు ఆ పూటే ఆమెను గెంటేశాడు.

ఈ ఏడు సారు రాసిన కేసేమిటో తెలుసా? హాస్టల్లో ఊడ్చే మనిషి ఉంగరం దొంగిలిస్తుంది. సాక్షులు చూశామంటారు. ముద్దాయి ఏడుస్తూ ఒప్పుకుంటుంది.

"సార్, ఇది మా పిన్ని మీద వేసిన నింద," అందామె.

"అందుకే నువ్వైతే సహజంగా ఏడుస్తావు. నోరు మూసుకుని చెయ్యి. ఈసారి నీకూ ఉత్తరం రాస్తా."

నల్లకోట్లవాళ్లు పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం హాస్టల్ వెనక నీళ్ల ట్యాంకు దగ్గర చేరాం. సాక్షులం, జవాన్లం, ఊడ్చే ఆడవాళ్లు, అందరం.

"వేషాలు వెయ్యం అని చెప్పేద్దాం," అన్నాడు తాపీమేస్త్రీ కొడుకు.

"మనం కాకపోతే ఇంకొకళ్లు. వాళ్లకు మనుషులు కరువా?" అన్నాను.

తల్లి కూతురి గడ్డం పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతానే. ఆ కాస్తసేపు ఏడ్చెయ్యి, ఉత్తరం తెచ్చుకో. చదువయ్యాక నీ ఇష్టమొచ్చినట్టు వాదించు."

"పిన్ని దొంగని ఒప్పుకుని తెచ్చుకున్న చదువుతో ఎవరి తరపున వాదించనమ్మా?"

అప్పటిదాకా నేల చూస్తూ కూర్చున్న పిన్ని తలెత్తింది.

"నన్నెవరూ ఒక్క మాటా అడగలేదర్రా. అడిగుంటే చెప్పేదాన్ని."

"అయితే అడుగుదాం," అంది పిల్ల. "అందరి ముందూ అడుగుదాం."

ఉత్తుత్తి కోర్టు రోజున హాలు కిటకిటలాడింది. తీర్పు చెప్పడానికి రిటైరైన జడ్జి వచ్చాడు. బహుమతులివ్వడానికి ఎవరొచ్చారనుకున్నారు? సాక్షాత్తూ ఆ కాంట్రాక్టరే! ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

నల్లకోటువాడు నా దగ్గరికొచ్చాడు. "ముద్దాయి ఉంగరం తియ్యడం నువ్వు చూశావా?"

"చూడలేదు."

"చూశానని చెప్పరా!" అన్నాడు పళ్లు బిగించి.

"చూశానని చెప్పమన్నది సారు. నేను మాత్రం చూడలేదు."

వెనక బెంచీలు గొల్లుమన్నాయి. తాపీమేస్త్రీ కొడుకూ అదే మాటన్నాడు. ఆ తర్వాతి సాక్షీ అంతే. నల్లకోటువాడు నీళ్లు నమిలాడు. అప్పుడు బోనులోంచి ఆ పిల్ల గొంతెత్తింది.

"నా తరపున నేనే వాదించుకుంటాను. మా పిన్నిని పిలుస్తున్నాను."

పిన్ని నడిచి వచ్చి నిలబడింది.

"నీ సంచి వెతికారా?"

"వెతికారు. ఏమీ దొరకలేదు."

"అంతకుముందు నువ్వు కాంట్రాక్టరును ఏమడిగావు?"

"పాకీదొడ్లు కడగడానికి చేతులకు తొడుగులు అడిగాను. అందరికీ ఇమ్మన్నాను."

"నిన్ను పొమ్మన్నదెవరు?"

పిన్ని చెయ్యెత్తి ముందు వరస వైపు చూపించింది. కాంట్రాక్టరు కాలు కిందికి దిగింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతారే!" సారు మైకు లాగేశాడు. "ఇంక నీకు ఉత్తరం కాదు కదా, ఏ లా కాలేజీ గేటూ తెరుచుకోదు!"

"మైకు లేకపోయినా వినబడుతుంది సార్," అంటూనే ఉంది ఆ పిల్ల, కాలేజీ వాచ్‌మన్లు రెక్కలు పట్టి లాగుతుంటే. హాలంతా లేచి నిలబడింది. జడ్జిగారు మాత్రం వెనక తలుపులోంచి జారుకున్నారు. గేటు దగ్గర పోలీసులు పిన్నినీ పిల్లనూ జీపెక్కించారు. కాంట్రాక్టరుకు పరువునష్టమట! పరువుంటే కదా నష్టపోవడానికి!

మర్నాడు హాస్టల్లో చీపురు కదల్లేదు, క్లాసుల్లో బెంచీ నిండలేదు. అందరం స్టేషన్ ముందున్నాం. కాంట్రాక్టరు కారు దిగి నేరుగా తల్లి దగ్గరికి వచ్చాడు.

"క్షమాపణ రాయించి పిల్లను తీసుకుపో. వీళ్లందర్నీ పనిలోకి రమ్మను. అది లాయరు కావాలని కదా నీ ఆశ? చేజేతులా పాడుచేసుకోకు."

నిన్నటిదాకా కూతుర్ని ఏడవమని బతిమాలిన మనిషి ఆమె. కొంగు నడుముకు బిగించింది.

"లాయరు నిన్ననే అయింది బాబూ. మా లాయర్ని లోపల పెట్టి మమ్మల్ని ఊడవమంటే ఎలా కుదురుతుంది?"

ఆమె అక్కడే రోడ్డు మీద కూర్చుంది. ఆమె పక్కన మేమందరం కూర్చున్నాం.