వంతెన దాటి

ఆ రోజు పొద్దున పార్కు గేటు దగ్గర మా అక్కకు రెండు మాటలిచ్చాను. వెంట రాననీ, చూడననీ. మొదటి మాట నిలబెట్టుకుందామనే అనుకున్నాను. రెండోది మాత్రం ఇచ్చేటప్పుడే అబద్ధం.

అక్క లోపలికి నడవగానే గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచాను. తెర మీద పార్కు మ్యాపు, అందులో మెల్లగా కదులుతున్న నీలం చుక్క. ఆ చుక్క మా అక్క. నగరంలో పార్కులు ఎక్కడెక్కడున్నాయో వెతికిపెట్టి, లోపల ఎటు నడవాలో పైకి చెప్పే యాప్ ఒకటి మా ఆఫీసులో తయారవుతోంది. తెరలు ఎలా ఉండాలి, ఎక్కడ ఏ మాట పలకాలి అన్నది నా పని. చూపు లేనివాళ్ళకు ఇది పనికొస్తుందో లేదో తేల్చమని మా టీం లీడ్ అన్నప్పుడు నేను బయటెక్కడా వెతుక్కోలేదు. మా ఇంట్లోనే ఉంది ఆ మనిషి.

అక్క లెక్కల టీచరు. కంటి నరాలు దెబ్బతిని నిరుడు చూపు పూర్తిగా పోయింది. బడివాళ్ళు ఆమె ఉద్యోగం అలాగే అట్టిపెట్టి ఉంచారు. ఆ బడి ఈ పార్కుకు అవతలి గేటు ఎదురుగానే ఉంది, ఇల్లేమో ఇవతల. రోడ్డు మీదుగా పోవాలంటే బళ్ళ రద్దీ. పార్కులోంచి అయితే ఒక్కతే నడిచిపోవచ్చు, పోగలిగితే. రోజూ కారులో దింపుతానని బావ అంటాడు. పాపం ఆయన మంచివాడు, ఆ మంచితనానికే అక్కకు చిర్రెత్తుకొస్తుంది. చెయ్యి పట్టుకుని నన్ను బడిలో దింపితే పదో తరగతివాళ్ళు నా మాట వింటారా అంటుంది. ముందు రోజు భోజనాల దగ్గర తేల్చి చెప్పేసింది. పార్కులో కష్టమైన దారి చెరువు పక్క బెంచీ దాకానే, అక్కణ్ణుంచి అవతలి గేటుకు తిన్నని బాట. ఆ బెంచీ దాకా ఒక్కతే వెళ్ళి కూర్చుంటే సోమవారం నుంచి బడికి. లేకపోతే రాజీనామా. బావ నీళ్ళు నమిలాడు. ఇదేం పంతం అని నేను ఒంటికాలి మీద లేచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అక్కకు పంతం. ఆమె తన పళ్ళెం తడుముకుని తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

అందుకే పొద్దున గేటు దగ్గర నన్ను నిలబెట్టి అడిగింది.

“నన్ను నీ కంప్యూటర్‌లో చూస్తూ కూర్చోవు కదా?”

“లేదే అక్కా.”

“చూశావంటే నాకు తెలిసిపోతుంది. ఆ తర్వాత నువ్వు కాదు కదా, ఎవరు చెప్పినా గడప దాటను.”

చూడనన్నాను. ఫోను తాడుకు కట్టి మెడలో వేశాను. బావ దగ్గర్నుంచి ఊరికే ఫోన్లొస్తాయని తనకొచ్చే కాల్స్ అన్నీ ఆపేయించింది. కర్ర చాచి నడవడం మొదలుపెట్టింది. “నేరుగా ముందుకు నడవండి” అంది యాప్ గొంతు. ఆ యంత్రం గొంతుకు అక్క మర్యాదమ్మ అని పేరు పెట్టింది. ఇంట్లో తనను అండీ అని పిలిచే దిక్కు లేదని, ఈవిడైనా దొరికిందని నవ్వేది.

చుక్క తిన్నగా పోతోంది. పూలమొక్కల మలుపు దగ్గర ఆగింది, సరిగ్గా తిరిగింది. నాకు గర్వం కలిగింది, అక్కను చూసీ, నా పనిని చూసీ కూడా. అప్పుడే లోపలినుంచి ఇద్దరు పనివాళ్ళు తోపుడుబండి తోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. బండినిండా తుప్పుపట్టిన ఇనుప కమ్మీలు. ఎక్కడివని ఊరికే అడిగాను. చెరువు మీది కొయ్యవంతెనవి, ఒక పక్కవి ఊడదీశాం, మధ్యాహ్నం కొత్తవి బిగిస్తాం అన్నారు. అడ్డంగా తాడైనా కట్టలేదా అంటే, తాడు తేవడానికే వెళ్తున్నామన్నారు.

అయినా నేను కంగారుపడలేదు. అక్క వెళ్ళే దారి వంతెన మీదుగా లేదు. చెరువు గట్టున నడిచి, ఎడమ పక్కన కనిపించే వంతెనను వదిలేసి, ముందుకెళ్ళి తర్వాతి బాటలో ఎడమకు తిరగాలి. అక్కడే బెంచీ. ఆ మాట రాసింది నేనే: “వంతెన దాటి ఎడమవైపు తిరగండి.” మనసులో ఒకసారి చదువుకున్నాను. రెండోసారి చదివేసరికి తప్పు దొరికింది.

దాటి. కిరాణా కొట్టు దాటి, పోస్టాఫీసు దాటి అంటాం చూడండి, ఆ అర్థంలో రాశాను. కొట్టు దాటమంటే ఎవరూ కొట్టులోకి దూరి అవతలికి వెళ్ళరు. వంతెన దాటమంటే మాత్రం ఎవరైనా ఎక్కే దాటుతారు. వంతెన ఉన్నది అందుకే. ఆఫీసులో ఆ వాక్యాన్ని అందరం చదివాం, ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే మ్యాపు మీద గీత చూస్తూ చదివాం. గీతే దారి చెబుతుంటే మాటను పట్టించుకునేదెవరు? అక్కకు గీత లేదు. ఆమెకు ఉన్నది ఆ మాటొక్కటే. పైగా లెక్కల టీచరు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

అంతకంటే ఘోరం ఇంకొకటుంది. నీళ్ళ పక్కన చుక్క అటూ ఇటూ తడబడుతుందని, ఈ పరీక్ష కోసం నడిచిన దూరాన్ని బట్టి తర్వాతి మాట వచ్చేలా పెట్టాం. గట్టు మీద నడిచినా, వంతెన మీద నడిచినా దూరం దూరమే. అక్క వంతెన మధ్యలో ఉండగా మర్యాదమ్మ ఎంతో వినయంగా “ఇప్పుడు ఎడమవైపు తిరగండి” అంటుంది.

తెర చూశాను. చుక్క నీళ్ళ మీద ఉంది.

అది నిజమో తడబాటో తెలియదు. ఫోను తీసి అక్కకు చేశాను. పోలేదు, కాల్స్ ఆపేసింది కదా. పరిగెత్తినా అందనంత దూరం. అరిస్తే వినపడదు, వినపడితే గొంతు వచ్చినవైపు గభాలున తిరుగుతుంది. చుక్క మళ్ళీ కదిలింది, ఇంకాస్త లోపలికి.

అప్పుడు గుర్తొచ్చింది. మాట మార్చి, అప్పటికప్పుడు పలికించి చూసుకోవడానికి నా తెర మీద ఒక బటన్ ఉంది. తిరగమనే వాక్యం చెరిపేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణంలో కూడా బుర్రలో ఒక మూల ఆలోచన పోలేదు: “ఆగండి” అని రాస్తే మర్యాదమ్మ మాటే అనుకుంటుంది, నేను చూస్తున్నట్టు తెలియదు, నా అబద్ధం బతుకుతుంది. వేళ్ళు నా మాట వినలేదు. “అక్కా ఆగు కదలకు” అని కొట్టేశాయి. బటన్ నొక్కి, ల్యాప్‌టాప్ మూయకుండానే చంకలో పెట్టుకుని పరిగెత్తాను.

వంతెన మధ్యలో నిలబడి ఉంది అక్క. ఎడమ పక్క కమ్మీ లేదు. ఎడమ చెప్పు అంచు చెక్క చివర దాకా వచ్చేసింది. ఎడమకు చాచిన కర్ర కింద నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఏ మాటకు ఎటు కదులుతుందోనని భయం.

“నేనేనే అక్కా” అన్నాను చివరికి, వీలైనంత మెల్లగా.

“తెలుసు. మర్యాదమ్మ నన్ను నువ్వు అంటుందా?” “ఎడమవైపు ఏముంది?”

“ఏమీ లేదు.”

“కుడివైపు?”

“కమ్మీ ఉంది. చెయ్యి చాపు, అందుతుంది.”

చాపింది. పట్టుకుంది. వస్తానుండు అని నేను చెక్క మీద అడుగుపెడితే వద్దంది. కమ్మీ తడుముకుంటూ తనే తిరిగి, తనే నడిచి గట్టు మీదకు వచ్చింది. వచ్చాక ఇద్దరం నేల మీద కూలబడ్డాం. నేను ఏడ్చేశాను. తప్పు నాదేనని, దాటి అన్న మాట ఎలా రాశానో, ఎందుకు తట్టలేదో చెప్పుకుంటూ పోయాను. అక్క అంతా విని, ఇలాంటి తప్పుకు తనయితే సున్నా వేసేదాన్నని అంది. ఆ తర్వాత నేను భయపడుతున్న మాట అడిగింది.

“మొదట్నుంచీ చూస్తూనే ఉన్నావన్నమాట.”

“అవును.”

“ఒట్టి అబద్ధాలకోరువి.”

అవునన్నాను. చూడకపోతే ఇప్పుడు నీళ్ళలో ఉండేదానివని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇవాళ్టికి చాలు, ఇంటికి పోదాం, ఇంకో రోజు చూద్దామని మాత్రం అన్నాను. అక్క కర్రతో మట్టి మీద గీస్తూ కూర్చుంది. పోయింది, రాజీనామా రాయించేశాను నా చేత్తోనే అనుకున్నాను.

“ఆ మాట మార్చు” అంది.

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఏం రాయాలో తనే చెప్పింది. వంతెన మీ ఎడమవైపు ఉంటుంది. ఎక్కకండి. ముందుకే నడవండి. మిగతా దారంతా ఒక్కో వాక్యం చదివించుకుంది, ఇంకో రెండు చోట్ల మార్పించింది. గేటు నుంచి ఇక్కడిదాకా వచ్చింది తనే కాబట్టి అది లెక్కలోకి వస్తుందని, మిగిలింది ఇక్కణ్ణుంచే నడుస్తానని అంది. నేను కూడా వస్తాను, పట్టుకోనులే, పక్కనే ఉంటానన్నాను.

“ముందు అది మూసెయ్.”

మూశాను. మూత పడిన చప్పుడు విన్నాక చెయ్యి చాపింది. నా ఫోను అడుగుతోందని అర్థమైంది. ఇచ్చాను. సంచిలో వేసుకుంది.

“ఇప్పుడు అటు తిరుగు. నేను చెప్పేదాకా ఇటు చూడకు. ఈసారి మాట తప్పావంటే తెలుసుగా.”

చెరువుకు వీపు పెట్టి నిలబడ్డాను. ఎదురుగా చెట్లు, వాటి వెనక రోడ్డు మీద పోయే బస్సులు. వెనక కర్ర చప్పుడు. టక్, టక్. “వంతెన ఎక్కకండి” అంది మర్యాదమ్మ. కర్ర ఆగింది. కొయ్యకు తగిలినట్టుంది, చప్పుడు మారింది. మెడ తిరగబోయింది, పళ్ళు బిగబట్టి ఆపుకున్నాను. కర్ర మళ్ళీ మట్టి మీద పడింది. చప్పుడు దూరమైంది. మర్యాదమ్మ ఏదో అంది, నాకు అందలేదు. ఆ తర్వాత కర్రా వినపడలేదు, గొంతూ వినపడలేదు. చుక్క లేదు, మ్యాపు లేదు. అక్క రోజంతా ఇలాగే ఉంటుందని అప్పుడు తెలిసింది నాకు. కళ్ళు మూసుకుని చెవులు రిక్కించాను.

“ఏమే,” అని కేకేసింది. “ఇక తిరగొచ్చు.”

నన్ను తిరగమందో, తనిక ఒక్కతే తిరగగలనందో తెలియలేదు. మొహం తుడుచుకుని తిరిగాను. బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కర్ర పక్కన పెట్టి, మెడలో ఫోను చెవి దగ్గర పట్టుకుని బావతో మాట్లాడుతోంది.

“సోమవారం కారు తియ్యొద్దండీ” అంటోంది.