మంచినీళ్ళ చేప

"ఆ చేపకి నువ్వు చేసే చాకిరీ ఏంటట? రెండు రొయ్యలు పడెయ్యడమేగా," అన్నాడు గ్లెన్, దుప్పట్లోంచి తల బయటికి పెట్టకుండానే.

శనివారం పొద్దున్న. లోర్నా అప్పటికే నీళ్ళ బకెట్లు పట్టుకుని బేస్‌మెంటు మెట్లు ఎక్కి దిగీ, దిగి ఎక్కీ నడుం పట్టేయించుకుంది. నడుం నొప్పని పైకి అనడమే ఆమె చేసిన పొరపాటు. ఈ ఇంట్లో నడుంనొప్పి అనేది గ్లెన్‌కి మాత్రమే వస్తుంది. వచ్చినప్పుడు ఇల్లంతా మునివేళ్ళ మీద నడవాలి.

చేప పేరు గస్. పసుపుపచ్చ ఒంటి మీద నల్లమచ్చలు, తెల్లటి పొట్ట, ఎటు కావాలంటే అటు తిరిగే గుండ్రటి కళ్ళు. భయమేస్తే నీళ్ళు మింగి బంతిలా ఉబ్బిపోతుంది. పఫర్ చేప. మంచినీళ్ళలో హాయిగా బతుకుతుందని చెప్పి కొట్టువాడు గ్లెన్‌కి అంటగట్టాడు. కానీ దాని జాతి పుట్టి పెరిగేది నదులు సముద్రంలో కలిసే చోట, ఉప్పుటేళ్ళలో. లోర్నా ఆ వారమే లైబ్రరీకి వెళ్ళి చదివి వచ్చి, "దీనికి సముద్రపు ఉప్పు కావాలట గ్లెన్, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలట," అంది. "నాకు చేపలు నేర్పుతున్నావా? నా పదేళ్ళప్పట్నించీ చేపలు పెంచుతున్నా. అలవాటు చేస్తే ఏ చేపైనా దారికొస్తుంది. మొండిపట్టు పట్టేవాడుండాలి, అంతే." గస్ పొట్ట బూడిదరంగుకి తిరిగింది. తిండి మానేసి తొట్టి మూల కూలబడింది. మొండిపట్టు పట్టినవాడు బౌలింగ్ ఆటకి పోయాడు. లోర్నా వెళ్ళి సముద్రపు ఉప్పు కొనుక్కొచ్చింది.

ఉప్పు ఎక్కడ దాచాలన్న బెంగ ఆమెకి ఒక్క నిమిషం కూడా కలగలేదు. బట్టల సబ్బు పొడి డబ్బాలో పోసి వాషింగ్ మెషీన్ పక్కన పెట్టింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ గ్లెన్ చెయ్యి ఆ డబ్బా మూత మీద పడ్డ పాపాన పోలేదు. ఆ ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు బ్యాంకు లాకరు కూడా కాదు. అప్పట్నించీ వారం వారం బకెట్లో ఉప్పు కలిపి, ఉప్పుశాతం చూపే గాజు గొట్టంతో కొలిచి, తొట్టిలో నీళ్ళు మారుస్తోంది. గస్ పొట్ట మళ్ళీ పాలలా తెల్లబడింది. తొట్టి అంచున పేరుకునే తెల్లటి ఉప్పుపొర తుడవడం ఒకసారి మర్చిపోతే గ్లెన్ వేలితో గీకి చూసి, "మన మిల్వాకీ ఊరి నీళ్ళలో సున్నం ఎక్కువ," అని తేల్చేశాడు. లోర్నా అవునంది.

అలా అవుననడం ఆమెకి కొత్తేం కాదు. పై గదిలో ఉండే అత్తగారు ఇర్మా, "డాక్టర్లకేం తెలుసమ్మాయ్, నా బీపీ దానంతటదే తగ్గింది," అంటుంది. ఆవిడ సూపులో ఉప్పు తగ్గించి మిరియాలతో కప్పెట్టేది లోర్నానే. అత్తగారికి చెప్పకుండా తగ్గించడం, చేపకి చెప్పకుండా పెంచడం, రెండూ ఒక్క చేత్తోనే. "మా వాడు పట్టిందల్లా బంగారం, చిన్నప్పట్నించీ అంతే," అని కూడా అంటుంది ఇర్మా, గస్‌ని చూసి. లోర్నా పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే పని చేస్తుంది. అక్కడా ఇదే వరస. తను నడుం వంచి, గారంతా గీకి, చిగుళ్ళు నెత్తురు రాకుండా కాపాడితే, డాక్టరు చివర్లో వచ్చి చిన్న అద్దంతో ఓ చూపు చూసి "బ్రహ్మాండం!" అంటాడు. నోరు తుడుచుకుంటూ పేషెంటు ఆయనకే థాంక్స్ చెప్తాడు. పఫర్ల పళ్ళు జన్మంతా పెరుగుతూనే ఉంటాయి. నత్తగుల్లలు కొరికి అరగదీసుకోకపోతే నోరు మూసుకుపోయి ఆకలితో చస్తాయి. ఓసారి గస్‌కి అలా అయితే లవంగనూనె చుక్కలతో మత్తిచ్చి, గోళ్ళ కత్తెరతో ఆ పళ్ళు కత్తిరించింది కూడా లోర్నానే. "నీకిది అలవాటైన పనేగా," అన్నాడు గ్లెన్. మర్నాడు చేపలు పెంచేవాళ్ళ సంఘంలో "కత్తిరించాం" అని చెప్పుకున్నాడు. ఆ 'మ్' కాస్తా వారం తిరిగేసరికి రాలిపోయి, "కత్తిరించాను" అయింది.

ఇదంతా ఆమె మంచితనం అనుకునేది. సంసారం అన్నాక ఎవరో ఒకరు సర్దుకుపోవాలి కదా. నోరీన్ ఫోన్ చేసేదాకా అలాగే అనుకుంది.

నోరీన్ స్కూలు బస్సు నడుపుతుంది. విడాకులయ్యాక ఇంట్లో ఒక్కతే ఉండలేక సంఘంలో చేరి, గస్‌ని చూసి ముచ్చటపడి, తనూ ఒక పఫర్‌ని తెచ్చుకుంది. "గ్లెన్ ఉన్నాడా? లేడా? పోనీ నువ్వు చెప్పు లోర్నా. మా దాని పొట్ట నల్లబడింది. నిన్నట్నుంచీ ఏం ముట్టట్లేదు. గ్లెన్ ఎలా చెప్పాడో అలాగే మంచినీళ్ళే పోస్తున్నా, ఒట్టు. నా చేతిలోనే ఏదో ఉందే. మొక్కలూ అంతే, మొగుడూ అంతే!" అని నవ్వింది. ఆ నవ్వులో తడి ఉంది.

"గ్లెన్ రాగానే చెప్తాను," అని లోర్నా ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక అక్కడే నిలబడిపోయింది. సిగ్గేసింది. తన ఇంట్లో గ్లెన్ మాట నెగ్గేలా తను చాటుగా వేసిన ఉప్పు, ఇంకో ఆడదాని ఇంట్లో చేపని చంపుతోంది. పైగా ఆ నోరీన్, తప్పు తన చేతులదని నమ్ముతోంది. గ్లెన్ వచ్చాక విషయం చెప్తే, "గారాబం ఎక్కువైందిలే. ఆడవాళ్ళకి ఓపిక ఉండదు," అని టీవీ పెట్టుకున్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది, మింగేసింది.

శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో సంఘం కలిసింది. చేపల్ని ముద్దుచేసే జనమంతా ముందు వేయించిన చేపలు కడుపారా తిని, తర్వాత కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. గ్లెన్ లేచి మాట్లాడుతున్నాడు. లోర్నా వెనక కాఫీ పోస్తోంది.

"నాదొక సందేహం," అంది నోరీన్ చెయ్యెత్తి. "మా చేప చచ్చేలా ఉంది. నేనేం తప్పు చేస్తున్నానో..."

"తప్పు చేపది కాదు, యజమానిది," అన్నాడు గ్లెన్ హుషారుగా. అందరూ నవ్వారు. నోరీన్ కూడా నవ్వి తల దించుకుంది. "మా గస్‌ని చూడండి. ఒక్క ఉప్పు రవ్వ ఎరగదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, రోజూ చూస్తూనే ఉంటుందిగా. చెప్పు లోర్నా!"

అందరూ వెనక్కి తిరిగారు. లోర్నా కాఫీ కెటిల్ కింద పెట్టింది.

"ఉప్పుంది, గ్లెన్. మొదటి వారం నుంచీ నేనే కలుపుతున్నా. సముద్రపు ఉప్పు. లేకపోతే గస్ ఆ నెలలోనే చచ్చిపోయేది."

గ్లెన్ నవ్వబోయి ఆగిపోయాడు.

"అయితే... తప్పు నాది కాదా?" అంది నోరీన్.

"కాదు నోరీన్. సగం గ్లెన్‌ది. సగం నోరు మూసుకున్న నాది. ఇవాళ రాత్రికే బకెట్లో ఉప్పు కలిపి పెట్టు, ఒక్కసారే పొయ్యకు. పొద్దున్నే నేనొస్తాను."

ఇద్దరూ కారులో ఇంటికి బయల్దేరారు. ఇంటి మలుపు దగ్గర గ్లెన్, "పదిమందిలో నా పరువు తీశావ్. ఇంట్లో చెప్తే సరిపోయేదిగా?" అన్నాడు.

"ఇంట్లోనే చెప్పాను. మొట్టమొదట నీకే చెప్పాను."

"అంటే ఇన్నాళ్ళూ నేను అబద్ధాలకోరునా? అదేనా నువ్వనేది?"

"కాదు," అంది లోర్నా, కిటికీలోంచి వీధి దీపాలు చూస్తూ. కోపం కూడా రాలేదు ఆమెకి. "నువ్వు తెలియక ఏదో ఒకటి అనేస్తావు. అది నిజమయ్యేదాకా నేను చాకిరీ చేస్తాను. ఇన్నేళ్ళుగా నా పని అదే, గ్లెన్. ఇవాళ్టితో మానేశాను."