నలభై ఒక్క నొక్కులు

బ్రౌజర్లు తయారుచేసేవాళ్ళ మధ్య పోటీ ఎలా ఉంటుందో చెప్తే బయటివాళ్ళు నమ్మరు. ఒకరి మొహం ఒకరు చూసుకోరేమో అనుకుంటారు. అదేం కాదు. ఇంటర్నెట్టులో ఏ పేజీ తెరిచినా దాని మీది బొత్తాలు, పెట్టెలు, అక్షరాలు ఎలా నడుచుకోవాలో అన్ని బ్రౌజర్లవాళ్ళూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, గొంతులు పోయేదాకా వాదించుకుని నియమాలు రాసుకుంటారు. వాటినే స్టాండర్డులంటారు. వాటిని ఎవరెంత పాటిస్తున్నారో తేల్చే పరీక్షలు కూడా వాళ్ళే రాసుకుంటారు. నేను రాసింది నువ్వు నెగ్గాలి, నువ్వు రాసింది నేను నెగ్గాలి. వచ్చిన మార్కులు లోకమంతా చూసేలా ఒక స్కోరుబోర్డు మీద పెడతారు.

పరీక్షలమ్మ ఒక చిన్న బ్రౌజరు కంపెనీలో ఆ పరీక్షలు రాసే ఉద్యోగి. పన్నెండేళ్ళుగా అదే పని. అందుకే బావ ఆవిడకి ఆ పేరు పెట్టాడు. బావ అంటే అక్క మొగుడు. ఆయన పనిచేసేది పెద్ద బ్రౌజరులో. పదిమందిలో ఏడుగురు వాడేది తమదేనన్న సంగతి వారానికొకసారైనా గుర్తుచెయ్యకపోతే ఆయనకి అన్నం అరగదు.

"ఏమ్మా పరీక్షలమ్మా, మీ బ్రౌజరు వాడే ఆ పుణ్యాత్ములిద్దరూ క్షేమమేనా?" అంటాడు ఆదివారం భోజనాల దగ్గర.

"క్షేమమే బావా. అందులో ఒకరు మీ ఆవిడే" అంటుంది పరీక్షలమ్మ.

అది నిజం. అక్క ఇంట్లో మొగుడి బ్రౌజరు వాడుతుంది, ఆఫీసులో చెల్లెలిది వాడుతుంది. "ఇద్దరూ నావాళ్ళే, నేనెవర్ని కాదనను?" అంటుంది. ఎనిమిదేళ్ళ కిందట జబ్బు చేసి అక్కకి చూపు పోయింది. అప్పటినుంచి కంప్యూటరు మీది మాటలన్నీ ఒక గొంతు చదివి చెప్తే విని పనిచేస్తుంది. మౌసు ఆవిడకి పనికిరాదు. ట్యాబ్ మీట నొక్కుతూ ఒక బొత్తం మీంచి ఇంకో బొత్తం మీదికి నడుస్తుంది.

ఆ ఆదివారం బావ మరీ హుషారుగా ఉన్నాడు. "శుక్రవారం మా కొత్త విడుదల. పేజీ మీద తెరుచుకుని మూసుకునే పెట్టెల మీద నువ్వు రాసిన ఆ పరీక్షలు ఉన్నాయే, ముప్పై ఆరు, ఇన్నేళ్ళనుంచీ మా పరువు తీస్తున్నాయి. ఈసారి ఒక్కటి కూడా మిగలదు. మీరెలా చేస్తున్నారో చూసి, మావాళ్ళు కూడా అలాగే మార్చేశారు."

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టా?" అంది పరీక్షలమ్మ.

"అబ్బో, ఇక్కడ పులి ఎవరట?" అన్నాడు బావ. అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. ఆ సంగతి పరీక్షలమ్మకి తరవాత గుర్తొచ్చింది.

నవ్వింది గానీ పరీక్షలమ్మ మనసంతా స్కోరు మీదే ఉంది. వాళ్ళ డైరెక్టరు ఏడాది మొదట్లోనే తేల్చి చెప్పేశాడు. ఈ ఏడాది స్కోరు తొంభై దాటితే సొంత ఇంజను ఉంటుంది. దాటకపోతే దాన్ని మూలపడేసి, పెద్ద బ్రౌజరువాళ్ళ ఇంజనే తెచ్చి లోపల పెట్టుకుంటారు. ఇంజనంటే పేజీని చదివి తెరమీద గీసే అసలు యంత్రాంగం. పైన పేరూ రంగూ వీళ్ళవి, లోపల సరుకు వాళ్ళది. ఇరవయ్యేళ్ళుగా నలుగురూ కలిసి కట్టిన ఇంజను. అందులో పన్నెండేళ్ళు ఆవిడవి. ఆ సోమవారానికి స్కోరు తొంభై పాయింటు మూడు. శుక్రవారం సాయంత్రం లెక్క ముగుస్తుంది. అప్పటిదాకా ఎవరూ ఏమీ కదపకపోతే చాలు.

బుధవారం మధ్యాహ్నం అక్క ఇంటి తాళాలు మర్చిపోయి ఆఫీసుకి వెళ్ళిపోయిందని బావ ఫోను చేస్తే, తన దగ్గరున్న రెండో జత ఇచ్చి రావడానికి పరీక్షలమ్మ బయల్దేరింది. అక్క ఒక ఆసుపత్రిలో ఫోను మీద అపాయింట్‌మెంట్లు రాస్తుంది. గాజు పలకల మధ్య ఇరుకు గది, ఆరు బల్లలు, కిటికీ పక్కన మూడో బల్ల అక్కది. అక్క ఫోనులో మాట్లాడుతోంది. పరీక్షలమ్మ తాళాలు పట్టుకుని వెనక నిలబడింది.

"పదహారో తారీకు ఉదయం కుదురుతుందా అండీ? సరే, ఒక్క నిమిషం" అంది అక్క. తేదీ బొత్తం నొక్కింది. చిన్న క్యాలెండరు పెట్టె తెరుచుకుంది. పదహారు ఎంచుకుంది. పెట్టె మూసుకుంది. అంతే, అక్క వేలు ట్యాబ్ మీట మీద టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. పది, పదిహేను, ఇరవై. అవతలి మనిషి "ఏమండీ, ఉన్నారా?" అంటోంది. "ఉన్నానండీ, ఉన్నాను" అంటూనే అక్క లెక్క తప్పకుండా నొక్కుతోంది. నలభై ఒకటి దగ్గర ఆగింది. తరవాతి గడిలో పేరు రాసి ఫోను పెట్టేసింది.

"అక్కా, ఏంటది? ఎందుకలా నొక్కావు?"

అక్క ఉలిక్కిపడింది. "నువ్వా! ఎప్పుడొచ్చావే?"

"అడిగినదానికి చెప్పు."

"ఏముంది, ఆ పెట్టె మూసుకోగానే పేజీ మొదటికి పోతాను కదా. మళ్ళీ తేదీ దగ్గరికి రావాలంటే నలభై ఒక్క నొక్కులు. అలవాటైపోయిందిలే."

"రోజుకి ఎంతమంది ఫోను చేస్తారు?"

"అరవై మంది. ఒక్కోరోజు డెబ్బై."

పెట్టె మూయగానే మనిషి మునుపు ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉండాలి. నియమం అది. దాని మీద ముప్పై ఆరు పరీక్షలు రాసింది తనే. అన్నిట్లోనూ తమ బ్రౌజరుకి నూటికి నూరు.

"ఇంట్లో, బావ బ్రౌజరులో కూడా ఇంతేనా?"

అక్క మొహం ఇటు తిప్పింది. "లేదే. అందులో ఉన్నచోటే ఉంటాను."

"మరి నాకెందుకు చెప్పలేదక్కా? ఎన్నేళ్ళనుంచి ఇలా?"

"మూడేళ్ళు, ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచి. మీ పద్ధతి అదేమో అనుకున్నా. పైగా ఆయన ముందు అంటే నిన్ను ఏడిపించుకు తింటాడు. నీ బ్రౌజరు గురించి ఆ ఇంట్లో మంచి మాట చెప్పేదాన్ని నేనొక్కదాన్నే కదా." అక్క వేళ్ళు విరుచుకుంది. "ఏడుస్తున్నావా ఏంటి? ఓసి పిచ్చిదానా, ట్యాబు నొక్కితే చేతులు అరిగిపోతాయా?"

పరీక్షలమ్మ ఆఫీసుకి తిరిగొచ్చి పాత పరీక్ష తీసింది. ఆరేళ్ళ కిందట రాసింది. పక్కన నియమం పేజీ తెరిచింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివేసరికి ఒకదానితో ఒకటి కలవలేదు.

ఆవిడ చేసిన తప్పు ఆ పని చేసేవాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన తప్పు. నియమం చదివి పరీక్ష రాయాలి. అప్పట్లో పని తరుముకొస్తుంటే, తమ బ్రౌజరు ఏం చేస్తుందో చూసి, అదే నియమమనుకుని రాసేసింది. తమ బ్రౌజరేమో మనిషి ఉన్నచోటు కాదు, మౌసుతో చివర నొక్కిన చోటు గుర్తుపెట్టుకుంటుంది. పరీక్ష కూడా మౌసుతోనే నొక్కుతుంది. అందుకని ప్రతిసారీ నెగ్గుతుంది. మౌసు ముట్టని అక్కలాంటివాళ్ళకి గుర్తుపెట్టుకున్న చోటంటూ ఏదీ లేదు కనుక పేజీ మొదటికి తోసేస్తుంది. పెద్ద బ్రౌజరు మౌసు సంగతి పట్టించుకోక, మనిషి మీటలతో నిలబడ్డ చోటే చూసుకుంటుంది. నియమం కోరేది అదే. పాపం, నియమం ప్రకారం నడిచినందుకు ఆరేళ్ళుగా అది ఆవిడ పరీక్షల్లో తప్పుతూ వస్తోంది. పరీక్షలమ్మ రాసిందంటే తప్పుండదని ఎవరూ తిరగేసి చూడలేదు. కంచే చేను మేస్తే చెప్పేదెవరు?

ఆదివారం బావ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. మీరెలా చేస్తున్నారో చూసి మావాళ్ళు కూడా అలాగే మార్చేశారు. శుక్రవారం విడుదల. అంటే పదిమందిలో ఏడుగురి బ్రౌజరు, మార్కుల కోసం, ఉన్న మంచి పద్ధతి వదిలేసి తన తప్పు నెత్తినెత్తుకోబోతోంది. ఒకసారి బయటికి వెళ్ళిందా, లోకంలోని పేజీలన్నీ ఆ తప్పుకే అలవాటు పడతాయి. తరవాత దిద్దబోతే ఆ పేజీలు పాడవుతాయని దిద్దనివ్వరు. అక్కకి ఇక ఇంట్లో కూడా నలభై ఒక్క నొక్కులే.

ఆవిడ నేరుగా డైరెక్టరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దిద్దితే స్కోరు ఎంతవుతుంది?"

"ఎనభైతొమ్మిది పాయింటు ఎనిమిది సార్."

"మన బ్రౌజరుని శుక్రవారంలోగా బాగుచెయ్యగలమా?"

"నాలుగు వారాలు పడుతుంది."

"చూడండమ్మా, నేను దిద్దొద్దని అనడం లేదు. సోమవారం దిద్దండి. ఆరేళ్ళు ఆగిన తప్పు నాలుగు రోజులు ఆగలేదా? మన పద్దెనిమిది మంది గురించి కూడా ఆలోచించండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి చాలాసేపు కూర్చుంది. ఎదురుగా ఇంజను పని చేసే పద్దెనిమిది మంది తలలు వంచుకుని పనిచేసుకుంటున్నారు. ఒకరు కాఫీ తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "తొంభై దాటాం మేడమ్, మీ పెట్టె పరీక్షల పుణ్యమే" అని వెళ్ళారు. ఆ కాఫీ ఆవిడ తాగలేదు.

రాత్రికి రాత్రే పరీక్షల దిద్దుబాటు రాసిపెట్టి, గురువారం పొద్దున్నే బావ దగ్గరికి వెళ్ళింది. పరీక్షలు మార్చడానికి ఒక కట్టుబాటు ఉంది. తమ పరీక్ష తప్పని రాసినవాళ్ళే ఒప్పుకున్నా సరిపోదు, పోటీ బ్రౌజరు నుంచి ఒకరు చదివి సరేనంటేనే మారుతుంది. బావ ఆఫీసు కింద అరుగుమీద కూర్చుని ఆవిడ చెప్పిందంతా విన్నాడు. వెటకారం చేస్తాడనుకుంది. చెయ్యలేదు.

"మూడేళ్ళా?" అన్నాడు. "నాతో కూడా అనలేదు."

"మీ నోటికి భయపడే అనలేదు బావా."

ఆ దెబ్బకి బావ తల దించుకున్నాడు. కాసేపటికి, "నీ పేరు బయటికి రాకుండా మావాళ్ళతో మాట్లాడి విడుదల ఆపించనా?" అన్నాడు.

"ఏ కారణం చెప్తారు?"

"అదే. పరీక్ష మారితే తప్ప మావాళ్ళు వినరు. ముప్పై ఆరు మార్కులు నోటిదాకా వచ్చాయి." "నువ్వు సోమవారందాకా ఆగితే నేనేమీ అననమ్మా. మీ ఇంజను పోతే నాకు సంతోషం అనుకుంటున్నావా? లోకంలో మేమొక్కళ్ళమే మిగిలితే మేం చేసిందే నియమం అవుతుంది. తప్పు చేస్తే ఇది తప్పురా అని చెప్పడానికి పక్కన ఇంకోడు ఉండాలి."

"ఇప్పుడు తప్పు చేసింది నేను బావా. పక్కనున్నది మీరు. చదివి సరేననండి."

బావ ఫోను తీసి దిద్దుబాటు మొదటినుంచి చివరిదాకా చదివాడు. రెండుసార్లు చదివాడు. "సరే" అని రాశాడు. గంటలో స్కోరుబోర్డు మారింది. మధ్యాహ్నానికి పెద్ద బ్రౌజరువాళ్ళు తమ మార్పు వెనక్కి తీసుకున్నారు.

పరీక్షలమ్మ టీము మొత్తాన్నీ నిలబెట్టి తానే చెప్పింది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడకి అనిపించింది. కాఫీ తెచ్చినవాళ్ళు మాత్రం, "తప్పు దిద్దుకోవడం మన పనే కదా మేడమ్" అని తిరిగి కుర్చీలోకి వెళ్ళారు.

సోమవారం డైరెక్టరు మాట తప్పలేదు. తొంభైకి సున్నా పాయింటు రెండు తక్కువ. సొంత ఇంజను ఈ ఏడాదితో సరి. కొత్త సంవత్సరం నుంచి లోపల పెద్ద బ్రౌజరు ఇంజను వస్తుంది, కొందరు దాని మీద పనిచేస్తారు, కొందరు వేరే ఉద్యోగాలు చూసుకోవాలి. ఇంకో విడుదల మాత్రం ఉంది, ఆఖరిది. అందులో ఏం పెట్టాలో మీ ఇష్టం అన్నాడు.

ఏం పెట్టాలో ఎవరూ అడగలేదు. పద్దెనిమిది మందీ కూర్చుని నాలుగు వారాల పని మూడు వారాల్లో చేశారు. మరో రెండు నెలల్లో పోయే ఇంజనుకి ఇంత చాకిరీ ఎందుకని బయటివాళ్ళు అడిగితే, పరీక్షలమ్మకి ఒళ్ళు మండిపోయింది. పోయేది కదా అని ఇల్లు ఊడ్చకుండా ఉంటామా?

విడుదలైన రోజు పొద్దున్నే ఆవిడ ఆసుపత్రికి వెళ్ళి అక్క వెనక నిలబడింది. ఫోను మోగింది. అక్క మాట్లాడింది, తేదీ బొత్తం నొక్కింది, పెట్టె తెరుచుకుంది, ఇరవై రెండు ఎంచుకుంది. పెట్టె మూసుకుంది.

అక్క వేలు ఆగలేదు. పాత అలవాటున టకటకా పరుగెత్తింది. ఎనిమిది, తొమ్మిది, పది. చదివే గొంతు ఏవేవో పేర్లు చెప్తోంది. అక్క మొహం గాభరాగా మారిపోయింది.

"ఎక్కడికొచ్చానే? దారి తప్పాను."

పరీక్షలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "నొక్కకక్కా. వెనక్కి వచ్చి మళ్ళీ తెరిచి, మూసి, ఊరికే ఉండు."

అక్క అలాగే చేసింది. ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టె మూసుకుంది. "తేదీ, ఇరవై రెండు" అంది గొంతు. అక్క తల పక్కకి వంచి వింది. అవతలి మనిషి ఫోనులో ఎదురుచూస్తోంది.

"ఇది నీదేనా, ఆయనదా?" అంది అక్క మెల్లగా.

"ఇంకా నాదే అక్కా" అంది పరీక్షలమ్మ.