గ్రహణుడి తొలిచూపు

ముక్కుకు తువ్వాలు చుట్టుకుని నాగమల్లేశ్వరరావు గ్రహణుడి కోరలను గరుకు కాగితంతో అరగదీస్తున్నాడు. ఫైబరు పొడి షెడ్డంతా తెల్లగా లేస్తోంది. పొద్దున రేపల్లెలో బండెక్కి తెనాలిలో ఈ విగ్రహాల షెడ్డుకు రావడం, సాయంత్రం అదే బండిలో ఇల్లు చేరడం, జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఇదే అతని బతుకు. కాళ్ళూ చేతులూ ఎవరైనా చేస్తారు. కళ్ళు మాత్రం అతనే దిద్దాలి. దేవుళ్ళకు కళ్ళు తెరిచేవాడికి శుక్లాలు రావడం ఏం న్యాయమో ఆ దేవుళ్ళే చెప్పాలి.

గ్రహణుడు బొమ్మల పుస్తకంలో ఊళ్ళ దీపాలు మింగే దుర్మార్గుడు. చదివే పిల్లలకు హీరోకంటే వాడే నచ్చడంతో పుస్తకంవాళ్ళు వాణ్ణి మంచివాణ్ణి చేసేశారు. ఇప్పుడు చీకట్లో తప్పిపోయిన పిల్లల్ని ఇల్లు చేరుస్తున్నాడు. బాపట్లలో కొత్తగా పెట్టిన పిల్లల పార్కుకు వాడే కావాలట. షెడ్డు యజమాని అనుదీప్‌కు మూలనున్న పాత విగ్రహం గుర్తొచ్చింది.

“కోరలు తీసేసి కనుబొమలు సరిచేస్తే చాలు బాబాయ్. సాయంత్రం లారీ వచ్చుద్ది.”

“కళ్ళు కూడా మూసి మళ్ళీ తెరవాలి బాబూ.”

“అవి బానే ఉన్నాయి గదా?”

“అదే గదా నా భయం.”

కళ్ళు తెరిచేటప్పుడు విగ్రహానికి ఎదురుగా మనిషి నిలబడడు, అద్దం పెడతారు. తొలిచూపు అద్దంలో పడి తిరిగి విగ్రహంలోకే చేరుతుందని, దేవుడి దయ అలా రెట్టింపవుతుందని పని నేర్పిన మేనమామ చెప్పేవాడు. కరోనాకు ముందు గ్రహణుణ్ణి చేసినప్పుడు, అలవాటు కొద్దీ వాడికీ అద్దం పెట్టాడు. రెట్టింపయ్యేది దయ కాదని ఆలోచించలేదు.

ఆ విగ్రహాన్ని రేపల్లెలో ఎగ్జిబిషన్‌లో నిలబెట్టారు. అతని వీధిలో చంద్రిక అని ఒక వాగుడుకాయ పిల్ల ఉండేది. గ్రహణుడి ముందు నిలబడి ఫొటో దిగింది. ఆ రోజు నుంచి తలెత్తి ఎవరి మొహమూ చూడలేదు. జడుసుకుందన్నారు, తాయెత్తు కట్టారు. ఆ ఇంటి ముందు నుంచి నడిచే మొహంలేక నాగమల్లేశ్వరరావు చుట్టు తిరిగి స్టేషనుకు వెళ్తాడు.

తిరిగొచ్చిన విగ్రహం తలకు గోనెసంచి తొడిగి తాడు కట్టాడు. ఎంత బిగించినా తెల్లారేసరికి సంచి కింద పడి ఉండేది. ఎలుకలన్నాడు అనుదీప్. ఎలుకలు తాడు కొరుకుతాయి గానీ ముడి విప్పుతాయా?

భార్య రాజమ్మ కట్టిచ్చిన కందిపచ్చడి అన్నం తిని, క్యారేజీ కడిగి, విగ్రహం కళ్ళమీద తెల్లరంగు పూశాడు. కళ్ళు లేని ఆ మొహం తను నడిచిన వైపల్లా తిరుగుతున్నట్టనిపించింది. ఎర్రగుడ్డలో చుట్టిన అద్దం తెచ్చి, ముడిమీద వేళ్ళు పెట్టి ఆగిపోయాడు.

అద్దం చూపును తిప్పి ఇచ్చేస్తుంది. మనిషైతే ఉంచుకుంటాడు.

“బాబూ, కాసేపు బయట ఉండు. ఎవర్నీ లోపలికి రానీమాక.”

“ఏంటి బాబాయ్, వీడేమన్నా దేవుడా?”

“కాదు గాబట్టే.”

తలుపు మూసి, స్టూలెక్కి గ్రహణుడికి ఎదురుగా నిలబడ్డాడు. భయమేసింది. రాజమ్మ గుర్తొచ్చి ఇంకా భయమేసింది. ఎడమకన్ను దిద్దాడు. కుడికంటి నల్లచుక్క పెట్టగానే, ఫ్యాను తిరుగుతూనే ఉన్నా గాలి ఆగిపోయింది. బావినీళ్ళంత చల్లగా ఏదో అతని కళ్ళలోకి దిగింది. మొహం తిప్పుకోలేదు.

లారీ వచ్చాక అనుదీప్ తలుపు తీశాడు. బాబాయ్ స్టూలుమీద గోడకానుకుని కూర్చునున్నాడు, చేతిలో కుంచె ఉంది.

“బాబాయ్, లారీ వచ్చింది.”

భుజం తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శుక్లాలతో తెల్లబారిన ఆ కళ్ళు ఇప్పుడు అంచుల దాకా నల్లగా ఉన్నాయి. పైనుంచి గ్రహణుడు, ఇంటికొచ్చిన పిల్లను చూసినట్టు, మెత్తగా చూస్తున్నాడు.

చీకటిపడ్డాక రేపల్లెలో దేహాన్ని దించారు. వీధంతా చేరింది. చంద్రిక జనాన్ని తోసుకుని వచ్చి, తలెత్తి, రాజమ్మ మొహంలోకి నేరుగా చూసింది.

“పెదనాన్నకి ఏమైంది పెద్దమ్మా?”

విగ్రహంతో లారీ బాపట్ల దారి పట్టింది. తెనాలి షెడ్డులో గ్రహణుడు నిలబడ్డ చోటికి ఎదురుగా, ఎర్రగుడ్డలో ముడి విప్పని అద్దం అలాగే ఉంది.