పెరడు తిన్న గుడ్డ

మా పెరటి మట్టి చచ్చిపోయిందని మొదట చెప్పింది నేనే. భోజనాల దగ్గర, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ, ఎవరిదో ఊసు చెప్పినంత మామూలుగా చెప్పాను.

బావ చెయ్యి నోటి దాకా వచ్చి ఆగింది. "చచ్చిందా? పూర్తిగానా?"

"దాదాపు. మట్టిలో ప్రాణం ఉందనడానికి గుర్తు కర్బనం. అది ఉన్నా లేనట్టే ఉంది."

"అంటే దాని మీద సిమెంటు పోసినా ఉసురు తగలదంటావు."

"తగలదు."

"నీ నోట్లో పంచదార పొయ్య!" అన్నాడు బావ. అక్క మాత్రం నా వైపు ఒకసారి చూసి, పళ్ళెంలో వేళ్ళు కదిలిస్తూ కూర్చుంది.

బావ దర్జీ. ముందుగదిలో మూడు మిషన్లు, వాటి చుట్టూ స్కూలు యూనిఫారాల గుట్టలు. పరుపులో గుండుసూదులు దొరుకుతున్నాయని అక్క గోల. అందుకని పెరడంతా గచ్చు చేయించి, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా షెడ్డు వేయిద్దామని ఆయన ఆశ. అక్క అవునూ అనలేదు, కాదూ అనలేదు. "మట్టి సంగతి వాడికి తెలుసు, వాణ్ణడగండి" అంది. మట్టి పరీక్షల ల్యాబులో నా ఉద్యోగం. బావ నన్ను 'మట్టి డాక్టరు' అంటాడు. అలా తీర్పు నా చేతికొచ్చింది.

తీర్పు చెప్పేటప్పుడు నేను చెప్పనిది ఒకటుంది. ఆ ఇంట్లో నాది వెనకగది. దానికి ఒకే కిటికీ, అది పెరట్లోకి. పెరట్లో గొప్ప విశేషాలేమీ లేవు. ఒక జామచెట్టు, బట్టలుతికే బండ, దాని పక్కన పేరు లేని మొక్కలు కొన్ని. వెనక గేటు దగ్గర బోడినేల. మాకు ముందున్నవాళ్ళు అక్కడ లారీలు నిలిపేవారట. నిద్రలేచాక ఒక గంట దాకా నాకు మనిషితో మాటాడబుద్ధి కాదు. ఆ గంట నేను కిటికీ దగ్గర గడుపుతాను. పిట్టలొచ్చి ఎండుటాకులు తిరగేసి ఏదో ఏరుకుంటాయి. నేను చూస్తాను. అంతే. షెడ్డు పడితే రేకుగోడ కిటికీకి చేతికందేంత దూరంలో నిలబడుతుంది.

ఇది తెలిసే అంత తేలిగ్గా చెప్పాను. నాలో ఈ గుణాన్ని చాలాకాలంగా గమనిస్తున్నాను. నాకేది కావాలో దానికి ఎదుటిపక్షాన నిలబడి వాదిస్తాను. అడిగి లేదనిపించుకుంటే అది లోటు. అడక్కముందే మనమే వద్దనేస్తే అది నిష్పక్షపాతం. ఆ మాట కింద దాక్కోవడం హాయిగానే ఉంటుంది, ఎండాకాలం మంచం కింద పడుకున్నట్టు.

మా ల్యాబులో పద్ధతి ఇది. పొలంలో చాలా చోట్ల తవ్విన మట్టిని ఒకచోట కలుపుతాం. నీడలో ఆరబెట్టి, చెక్కసుత్తితో మెత్తగా కొట్టి, జల్లెడ పడతాం. జల్లెడ మీద మిగిలిన వేళ్ళూ పుల్లలూ బకెట్లోకి పోతాయి. కింద పడ్డ పొడిని గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేస్తాం. మిగిలినవి కలిపి మళ్ళీ నాలుగు. అలా తగ్గిస్తూ పోతే చివరికి చారెడు మిగులుతుంది. ఆ చారెడే పొలమంతటి తరఫునా సాక్ష్యం చెబుతుంది. ఎరువు ఎంత వెయ్యాలో తేల్చడానికి అది చాలు. మా పెరటికీ అదే చేశాను. గేటు దగ్గరి మట్టీ, జామచెట్టు కింది మట్టీ, బండ పక్క మట్టీ, అన్నీ ఒకే పళ్ళెంలో.

ఈ పని నాలో ఎంత ఇంకిపోయిందంటే, మనుషుల్ని కూడా అలాగే కలిపి చూస్తాను. బావ వారమంతా నన్ను ఆటపట్టించి, ఒకరోజు అడక్కుండానే నా చొక్కా బొత్తాం కుట్టిపెడతాడు. నేను రెండూ కలిపేసి 'ఫరవాలేదు, మంచివాడే' అని తేల్చుకుంటాను. దాంతో వెక్కిరింతకి కోపం రాదు, బొత్తానికి సంతోషమూ కలగదు.

తీర్పు చెప్పిన మర్నాడు, మా పెరటి మట్టి పట్టిన జల్లెడ కడగడానికి తీశాను. దాని మూల తీగల మధ్య ఒక వానపాము ఇరుక్కుని ఉంది. సన్నది, పిల్లది, కొడవలిలా వంకర తిరిగి దారప్పోగులా ఎండిపోయింది. దాని పక్కన తెల్లటి వేరు తునక ఒకటి. వాటిని అరచేతిలో వేసుకుని చూశాను. దీన్ని ఆరబెట్టింది నేనే. ఆరబెట్టి చంపి, ఆ తరవాత మట్టిలో ప్రాణం లేదని ఇంటికెళ్ళి చెప్పాను. నవ్వొచ్చింది.

బ్యూరెట్ గాజుగొట్టం దగ్గర చుక్కలు లెక్కపెట్టుకుంటున్న సహోద్యోగిని తలెత్తింది. "ఏంటండీ, మీలో మీరే నవ్వుకుంటున్నారు?"

"ఒకణ్ణి నేనే చంపి, వాడు బతికి లేడని సర్టిఫికెట్టిచ్చానండీ."

"రోజూ చేసేదేగా!" అని ఆవిడ మళ్ళీ చుక్కల్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి బావ పెరట్లో మేస్త్రీతో ఉన్నాడు. ఇద్దరూ గోడకీ గోడకీ దారం లాగి పట్టుకున్నారు.

"బావా, ఆగు. నా పరీక్ష తప్పు."

"నువ్వేగా చచ్చిందన్నావు?"

"మంచిచోటూ చెడ్డచోటూ కలిపేశాను. పైగా ఎండబెట్టాను. బతికుందో లేదో చూడాలంటే ఎండబెట్టకూడదు."

బావ దారం వదలకుండానే మేస్త్రీ వైపు తిరిగాడు. "చూశావా? మనిషి పోయాడని చెప్పి, ఏడుపులన్నీ అయ్యాక వచ్చి, అబ్బే, నాడి చూడ్డం మర్చిపోయానంటున్నాడు మా డాక్టరు!"

మేస్త్రీ నవ్వి, "మీరూ మీరూ తేల్చుకోండి. వానలెళ్ళేదాకా నాకెలాగూ ఖాళీ లేదు" అన్నాడు.

అలా నాకు వానాకాలం దొరికింది. ఏం చెయ్యాలో చెప్పాను. నూలుగుడ్డ ముక్కలు పెరట్లో తలా ఒకచోట పాతిపెట్టాలి. నూలు చెట్టు నుంచి వచ్చిందే గనక, మట్టిలో కంటికి కనబడని జీవాలకి అది తిండి. బతికున్న మట్టి దాన్ని రెండు నెలల్లో తినేస్తుంది. చచ్చిన మట్టిలో గుడ్డ మాసిపోతుంది గానీ చిరగదు. మట్టి అలా తింటేనే చెట్టుకి తిండి, చెట్టు మీది పురుక్కీ తిండి, పురుగు కోసం వచ్చే పిట్టకీ తిండి. తినని మట్టిలో వాననీళ్ళు కూడా ఇంకవు.

"తింటే?" అన్నాడు బావ.

"తింటే గచ్చు వద్దు."

"తినకపోతే?"

"మేస్త్రీని పిలువు."

గుడ్డ మాట వచ్చేసరికి బావ ముఖం వెలిగింది. ఇన్నేళ్ళలో నా ఉద్యోగం ఆయనకి మొదటిసారి అర్థమైనట్టుంది. ఒకే తాను నుంచి తెల్లటి నూలు తీసి, అయిదు చతురస్రాలు కత్తిరించాడు. నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా వాటి అంచులన్నీ మడిచి మిషను మీద కుట్టేశాడు కూడా.

"అదేంటి బావా! ఉత్త ముక్కలు చాలు. అది పాలిస్టర్ దారం, మట్టి దాన్ని తినదు."

"అంచు కుట్టకుండా నా చేతిలోంచి గుడ్డ బయటికెళ్ళదు" అన్నాడు దారం పళ్ళతో తెంపుతూ. "మట్టిలోకైనా సరే, మంత్రిగారింటికైనా సరే."

పాతిపెడుతుంటే పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగిచూసింది. "ఏం పూడుస్తున్నారమ్మా, ఇంటిల్లిపాదీ?"

"గుడ్డలు పిన్నిగారూ" అంది అక్క. "మొలుస్తాయేమోనని. మావారికి పని తగ్గుతుంది."

"మొలిస్తే మా మనవడికో చొక్కా" అని ఆవిడ దిగిపోయింది.

పాతిపెట్టాక అసలు కష్టం మొదలైంది. తవ్వి చూడకూడదు. కిటికీ దగ్గర నిలబడితే పిట్టలు కనిపించడం మానేసి, గుర్తుగా గుచ్చిన అయిదు పుల్లలే కనిపించేవి. ల్యాబులో నేను ఏ మట్టికోసమూ ఆదుర్దా పడలేదు. ఇప్పుడు పడుతున్నాను, పడుతున్నానని తెలుస్తోంది. తెలియడం వల్ల తగ్గడం లేదు. 'కావాలి' అనే మాట లోపల అంత బాహాటంగా తిరుగుతుంటే సిగ్గుగా ఉండేది, ఇంట్లో తెలియని చుట్టం దిగినట్టు.

ఒక పొద్దున కిటికీ తీసేసరికి జామచెట్టు కింద బావ గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో చెంచా.

"ఏంటి బావా?"

ఉలిక్కిపడ్డాడు. "సూది పడిపోయింది."

"ఇక్కడెప్పుడు కుట్టావు?"

"అసలు నువ్వెందుకు లేచావింత పొద్దున్నే?"

నా చేతిలోనూ ఒక చెంచా ఉంది. కిటికీ గట్టు కిందికి దించాను గానీ ఆయన చూడనే చూశాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుని నేను దేనితోనూ కలపలేదు. అలాగే ఉంచుకున్నాను.

వానలు బాగానే పడ్డాయి. గేటు దగ్గర నీళ్ళు టీ రంగులో నిలిచి రెండేసి రోజులు కదిలేవి కావు. జామచెట్టు కింద పడ్డవి పడ్డట్టే ఇంకిపోయేవి. "పెరడంతా గచ్చయితే ఈ నీళ్ళన్నీ ఎటు పోతాయండీ?" అని అక్క వంటింట్లోంచి అడిగింది. బావ మిషను ఇంకా జోరుగా తొక్కాడు.

వానలు వెనకబట్టాక ఒక సెలవురోజు తవ్వాం. ముందు గేటు దగ్గర. అక్కడ పార దిగనంది. రెండు చోట్లా గుడ్డ చెక్కుచెదరలేదు. దులిపి పట్టుకుంటే కాస్త మాసిన చేతిరుమాలులా ఉంది.

"ఉతికితే జేబులో పెట్టుకోవచ్చు" అన్నాడు బావ. నేను పార అందుకుని మధ్య పుల్ల దగ్గరికి నడిచాను.

మధ్యలో పాతిన గుడ్డకి చిల్లులు పడ్డాయి, చిమ్మెటలు కొట్టినట్టు. బండ పక్కన, అక్క కూరగాయల తొక్కలు పడేసే చోట, పీలికలు మాత్రం వచ్చాయి.

జామచెట్టు కింద తవ్వితే గుడ్డే లేదు. మట్టి నల్లగా, పొడిపొడిగా, వాన వాసనతో ఉంది. బావ వేళ్ళతో కెలికి, మెల్లగా ఏదో పైకి లాగాడు. ఆయన కుట్టిన అంచు. నాలుగు వైపులా దారం కుట్టు చెక్కుచెదరకుండా ఉంది. నడుమ ఏమీ లేదు. ఆ ఖాళీ చతురస్రంలోంచి అవతల అక్క ముఖం కనిపిస్తోంది.

"చూడవే!" అని అరిచాడు బావ. "గుడ్డంతా తినేసింది గానీ నా కుట్టు విప్పలేకపోయింది! ఇది కుట్టంటే!"

"ఆ కుట్టే లేకపోతే ఇక్కడ గుడ్డ పాతామని కూడా నమ్మేవాళ్ళు కాదు మీరు" అంది అక్క.

అయిదింటినీ వరసగా బండ మీద ఆరేశాం. బావ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "సరేగానీ డాక్టరూ, మొత్తమ్మీద చెప్పు. సగటున ఉన్నట్టా, పోయినట్టా?"

జవాబు నోటి చివరే ఉంది. సగటున పోయినట్టే. నా పద్ధతి ప్రకారం ఈ అయిదూ కలిపితే మాసిన, చిల్లులు పడ్డ, ఎందుకూ పనికిరాని గుడ్డ ఒకటి వస్తుంది. దాన్ని బావ చేతిలో పెట్టి నేను మళ్ళీ నిష్పక్షపాతంగా లోపలికి పోవచ్చు.

"సగటు లేదు బావా. గేటు వైపు పోయింది, ఇటువైపు ఉంది."

చెప్పు విడిచి, గోడ నుంచి గోడ దాకా మడమతో గీత గీశాను. బండకీ గేటుకీ మధ్యగా వచ్చింది. "అటు నీ షెడ్డు వేసుకో. ఇటు నాకు కావాలి. నా కిటికీ ముందు ఇది ఇలాగే ఉండాలి."

చెప్పాక చెవులు వేడెక్కాయి. బావ నన్నూ కిటికీనీ మార్చి మార్చి చూశాడు.

"ఓరి నీ! ఆ ముక్క అప్పుడే చెప్పుంటే నా నూలు మిగిలేదిగా!"

"అప్పుడు తెలియదు."

"కిటికీ ఉందని తెలియదా?"

"అడగొచ్చని తెలియదు."

బావ మెడలోంచి టేపు తీసి గేటు నుంచి గీత దాకా కొలిచాడు. "రెండు మిషన్లే పడతాయి. ఇంకో మూర ఇవ్వు."

నేను కూర్చుని, ఆయనడిగిన మూర మేర చేత్తో తవ్వాను. గీత పక్కనే మట్టి గట్టిగా, బూడిదరంగులో ఉంది. జాన దాటాక సన్నటి వేళ్ళు తగిలాయి. వాసన మారింది. "జాన ఇస్తాను."

"జానా! గుడ్డ కొలిచేటప్పుడు నేను కూడా ఇంత పిసినారితనం చూపించనోయ్."

"పుచ్చుకోండి" అంది అక్క. "ఆ మూడో మిషను మీద బట్టలు కుప్ప వెయ్యడం తప్ప మీరు కుట్టిందేముంది?"

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. బావ, ఆయనా కలిసి, జాన జరిపిన గీత వెంట పుల్లలు పాతి దారం కట్టారు. గేటు వైపు నేల మీద సుత్తిదెబ్బలు ఇనుము మీద పడ్డట్టు మోగాయి. నేను నా గదిలోకొచ్చి కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాను. లోపల ఎంతో తేలిగ్గా ఉంది. ఆ తేలికని పరీక్షించబుద్ధి కాలేదు.

మేస్త్రీ మంచినీళ్ళకి లోపలికెళ్ళగానే, బావ అటూ ఇటూ చూసి, మూల పుల్ల పీకి చెట్టు వైపు రెండు బెత్తలు జరిపాడు. ఏమీ ఎరగనట్టు ఈల వేస్తూ దారం సవరించాడు.

ఇదివరకైతే 'పోనీలే, అంతేగా' అనుకుని, నాలో నేనే ఆ రెండు బెత్తలూ సర్దేసుకునేవాణ్ణి.

"బావా, పుల్ల వెనక్కి" అన్నాను కిటికీలోంచి.

"చూస్తున్నావా!" అన్నాడాయన, నవ్వు దాచుకోకుండానే. పుల్ల పీకి, ఉన్నచోటనే మళ్ళీ దిగ్గొట్టాడు.