ఆంజనేయులు ఫొటోకి దండ

అవనిగడ్డ దగ్గర ఆ హైస్కూలుకి జిల్లాలో పేరొచ్చిందే ఆంజనేయులు కబడ్డీ వల్ల. అందుకే పాత విద్యార్థులు సభ పెట్టుకుంటూ అతని ఫొటో అడిగితే తండ్రి రత్తయ్య పొంగిపోయి ఇచ్చాడు. మూడేళ్ల కిందట సముద్రంలో చేపల వేటకెళ్లిన ఆంజనేయులు తిరిగి రాలేదు. పడవ ఒక్కటే దొరికింది. శవం కంటపడలేదని తల్లి కోటమ్మ కర్మ చెయ్యనివ్వలేదు. ఇప్పటికీ రోజూ కొడుక్కి కంచం పెడుతుంది.

"వాడొచ్చాక చెప్తే నమ్మడు మావా, వాడి బొమ్మ స్టేజీ మీద పెట్టారంటే!" అని సభకెళ్తూ ఆటోలో దారి పొడుగునా మొగుడితో చెప్పుకుని మురిసిపోయింది.

స్టేజీ మీద కొడుకు నవ్వుతున్నాడు. ఆ ఫొటోకి బంతిపూల దండ వేసి, ముందు దీపం వెలిగించారు.

కోటమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "బతికున్నోడికి దండేస్తారేంట్రా! తియ్యండి!"

"తప్పైపోయింది పిన్నీ, తీసేస్తా," అంటూ కొడుకు స్నేహితుడు రఘురామ్ స్టేజీ ఎక్కి దండ మీద చెయ్యి వేశాడు.

ఇన్నాళ్లూ పెళ్లాం ముందు అనలేని మాట రత్తయ్య నోటినుంచి వచ్చేసింది.

"ఉండనీ బాబూ."

కోటమ్మ గిర్రున వెనక్కి తిరిగింది.

"నువ్వు కూడా వాణ్ణి వదిలేశావా మావా?"

రత్తయ్య అక్కడున్న బడిపిల్లల బల్ల మీద కూలబడి, కొడుకు కోసం మొదటిసారి బయటికి ఏడ్చాడు.