వేలిముద్రలు పట్టిన రేకు

నేను ఒక రేకు ముక్కను. బోర్డు అని పిలిచినా పలుకుతాను గానీ, పుట్టుకకు నూనె డబ్బాను. పదిహేను కిలోల పామాయిలు మోసుకుంటూ ఒక బజ్జీల అంగడికి వచ్చాను. నూనె అయిపోయాక నా పొట్ట చీల్చి, సుత్తితో చదును చేసి, గుండ్లకొట్టాల ఊళ్ళో ఒకామెకు అమ్మారు. ఆమె నన్ను కోళ్ళగూటికి తలుపు చేసింది. ఆరేళ్ళు కాపలా కాశాను. ఒక్క పిల్లి కూడా నన్ను దాటి లోపలికి పోలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత దొరికిన ఉద్యోగం చెప్పుకోదగ్గది కాదు.

ఆ ఊరికి కరెంటు స్తంభాల మీదుగా ఇంటర్నెట్ తీగ వచ్చింది. వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. ఏడాది తిరక్కముందే రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు ఒక స్తంభం పడగొడితే తీగ తెగింది. అతకడం తీగవాళ్ళ పని అని రోడ్డువాళ్ళు అన్నారు. తెంపినవాళ్ళే అతకాలని తీగవాళ్ళు అన్నారు. నాలుగు నెలలు ఇద్దరూ చేతులు దులుపుకుంటూనే ఉన్నారు. సెల్‌ఫోన్ సిగ్నల్ సంగతి అడగకండి, ఊరికి గుట్ట అడ్డం.

ఊరి సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి మద్దిలేటి. చెడ్డవాడేం కాదు. వచ్చిన ప్రతివాళ్ళకూ నెట్ లేదని చెప్పి చెప్పి విసుగెత్తి, కోళ్ళు అమ్మేసిన ఇంటి నుంచి నన్ను అడిగి తెచ్చుకున్నాడు. పెయింటర్ మాబుసాబు ఎర్ర రంగుతో నా మీద "నెట్ లేదు, రేపు రండి" అని రాశాడు.

"తేదీ ఏం వేయాల?" అని అడిగాడు మాబుసాబు.

"తేదీ ఎందుకన్నా? రేపు అంటే ఏ పొద్దుకైనా పనికొస్తాది" అన్నాడు మద్దిలేటి.

నన్ను చూసి తిరిగిపోయేవాళ్ళలో ఓబుళమ్మ ఒకామె. అరవై దాటిన ఒంటరి మనిషి, కూలిపని చేసుకుంటుంది. ఆమె బియ్యం కార్డులో ఉన్నది ఒక్క పేరే, ఆమెది. నెలాఖరులోగా మిషన్ మీద వేలిముద్ర వేయకపోతే ఆ పేరు తీసేస్తారని కబురొచ్చింది. పేరు పోతే కార్డు పోతుంది, కార్డు పోతే తిండిగింజలు పోతాయి. వేలు ఉంది, మిషన్ ఉంది, మధ్యలో తీగ లేదు. పని మానుకుని మండల కేంద్రానికి పోతే, "మీ ఊళ్ళోనే నెట్ ఉన్నట్టు చూపిస్తోంది, అక్కడే వేయి" అని తిప్పి పంపారు.

ఏడోసారి వచ్చిన రోజు ఆమె తిరిగిపోలేదు. నా ముందు నిలబడి, "దీని మీంద ఏం రాసినారు నాయనా?" అని అడిగింది. మద్దిలేటి చదివి వినిపించాడు.

ఓబుళమ్మ పకపకా నవ్వింది. "ఎనకటికి ఊర్లో దయ్యం తిరుగుతాందని గోడల మీంద 'రేపు రా' అని రాస్తాండ్రి. అది సదువుకోని పోతాండెనంట. ఇప్పుడు మాకు రాసినారే! దయ్యానికి సదువొచ్చు కాబట్టి పాయ. మాకు రాదు, మేం పోము."

నన్ను మేకు మీదే వెనక్కి తిప్పింది. ఆకువక్క సంచిలోంచి సున్నం డబ్బీ తీసి, బొటనవేలు అద్ది నా వీపు మీద గట్టిగా ఒత్తింది. "మిషన్ తీసుకోకుంటే మానె, ఈ రేకు తీసుకుంటాది. నేనొచ్చినా, సూసుకో" అంది.

నా మీద రాసినవాళ్ళు నన్నేమీ అడగలేదు. నన్ను నమ్మి ముద్ర వేసిన మొదటి మనిషి ఆమే. ఆ పూట నుంచి నేను ఆఫీసు పక్షం వదిలేశాను.

మర్నాడు ఓబుళమ్మ వెంట పక్కింటి నారెమ్మ వచ్చి వేసింది. ఆ మర్నాడు ఇంకో నలుగురు. వచ్చిన ప్రతి రోజుకీ ఒక ముద్ర. మద్దిలేటి మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. మూడు వారాలకు నా వీపంతా తెల్లబడింది.

నెలాఖరు ఇంకొక్క రోజుందనగా సోమవారం వచ్చింది. జిల్లా కేంద్రంలోని పెద్దాఫీసులో వారంవారం అర్జీలు తీసుకునే రోజు. ఓబుళమ్మ నన్ను మేకు మీంచి ఊడదీసి చంకన పెట్టుకుంది.

"అవ్వా, అది ఆఫీసు బోర్డు!" అని మద్దిలేటి వెంటపడ్డాడు.

"ఆఫీసు మాట ఇదే కదా నాయనా. పెద్దాఫీసుకే తీస్కపోతాండా" అంది ఆమె.

పదకొండు మంది ఆడవాళ్ళు బస్సెక్కారు. నాకు లగేజీ టికెట్ కొట్టాలన్నాడు కండక్టరు. "ఇది లగేజీ కాదప్పా, సాచ్చికం" అని నారెమ్మ కసిరితే ముందు సీట్ల వైపు పోయాడు.

పెద్దాఫీసు సారు కంప్యూటర్లో చూసి, "మీ ఊరికి నెట్ ఉన్నట్టే ఉందమ్మా" అన్నాడు. ఓబుళమ్మ నన్ను ఆయన బల్ల మీద బోర్లా పడేసింది. "ఇయన్నీ మేం వచ్చిన పొద్దులు సార్" అంది.

ఆయన ఒక ముద్రను వేలితో రుద్దాడు. సున్నం ఆయన వేలికి అంటింది. "ఇదేం సాక్ష్యం? తుడిస్తే పోతోంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఓబుళమ్మ మాత్రం నెమ్మదిగా, "తుడుచుకో సార్. మళ్ళా పెడతాం. వేళ్ళు మా చేతికే ఉండాయి" అంది.

"సరే, లైనువాళ్ళతో మాట్లాడతాను. రేపు రండి" అన్నాడాయన. అదే మాట నా అవతలి వైపు రాసుంది. తిప్పి చూస్తే కదా!

పదకొండు మందీ ఆ గుమ్మంలోనే చతికిలబడ్డారు. సద్దిమూటలు విప్పి తిన్నారు. వచ్చేపోయే అర్జీదార్లందరికీ నన్ను చూపించి కథ చెప్పారు. సాయంత్రం నాలుగింటికి సారు ఒక తెల్లకాగితం తెప్పించుకుని, పెన్నుతో తన చేత్తోనే రాశాడు: లైను కలిసేదాకా గుండ్లకొట్టాల కార్డుల్లో ఏ ఒక్క పేరూ తీయకూడదు. సంతకం, ముద్ర. పనికి కాగితం కూడా చాలునని ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"ఆ బోర్డు ఇక్కడ వదిలి పోండి, ఫైల్లో పెడతాం" అన్నాడు.

"ఇయ్యం సార్" అంది ఓబుళమ్మ. "కాయితం ఇచ్చినారు. తీగ ఇయ్యలేదు."

నన్ను మళ్ళీ అదే మేకుకు తగిలించారు, ఎర్ర అక్షరాలు గోడవైపు, ముద్రలు బయటికి. నెట్ లేదన్న మాట ఇప్పుడు మద్దిలేటి బయటికొచ్చి ఒక్కొక్కరి ముఖం చూసి చెప్పాలి, తేదీ వేసి చీటీ రాసివ్వాలి. ఓబుళమ్మ పెట్టిన షరతు అది. ఈ నెల బియ్యం ఆమె తెచ్చుకుంది. తీగ మాత్రం తెగిన చోటే వేలాడుతోంది.

నా అంచులు తుప్పు పట్టాయి. మొన్న పాత సామాన్లు కొనేవాడు సైకిలు ఆపి నన్ను తట్టి చూశాడు. ఆఫీసు అరుగు మీద కూర్చున్న ఓబుళమ్మ కూర్చున్న చోటి నుంచే గదమాయించింది.

"దాన్ని ముట్టాకు. సోమారం దానికి పనుండాది."